మౌలాలీ గాటు

నరసరావుపేటలో పత్తి మిల్లులు ఎన్ని ఉన్నా, ఆ మిల్లుల్లో రోలర్లకు గాట్లు పెట్టే మేస్త్రీలు ఎందరున్నా, మౌలాలీ దృష్టిలో మాత్రం మేస్త్రీ అనేవాడు ఒక్కడే. ఆ ఒక్కడు ఎవరో వేరే చెప్పక్కర్లేదు. గర్వం అంటారా, అనండి. ఇరవై ఆరేళ్ళు ఒకటే పని చేసి, ఆ పనిలో తనంతటివాడు లేడని నలుగురి చేతా అనిపించుకున్న మనిషికి ఆ మాత్రం ఉండదా? లేకపోతేనే అనుమానించాలి.

వినుకొండ రోడ్డు మీద రామబ్రహ్మం గారి మిల్లు. అందులో ఇరవై నాలుగు యంత్రాలు. పత్తిలోంచి గింజను విడదీసే ఆ యంత్రానికి ప్రాణమంతా రోలర్‌లోనే ఉంటుంది. తోలును గుండ్రటి బిళ్ళలుగా కోసి, ఇనప కడ్డీకి గుచ్చి, గట్టిగా బిగిస్తే అదే రోలర్. తిరుగుతున్న తోలుకు దూది అంటుకుని, రోలర్‌కు ఆనుకుని ఉండే కత్తి కిందికి పోతుంది, గింజకు సందు చాలక ఇవతలే రాలిపోతుంది. నాలుగు రోజులు తిరిగేసరికి తోలు నునుపెక్కి దూదిని పట్టడం మానేస్తుంది. అప్పుడు మేస్త్రీ రంపం తీసుకుని దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకి గాట్లు పెట్టాలి. లోతు తగ్గితే దూది జారిపోతుంది. లోతు పెరిగినా, ఏటవాలుగా కోసినా తోలు బిళ్ళలు విచ్చుకుని రోలర్ పేలికలైపోతుంది. దీనికి కొలతలు లేవు. చేతికి తెలియాలి, అంతే.

మౌలాలీ చేతికి తెలుసు. వాళ్ళ నాన్న గురజాల చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి దూది ఏకి పరుపులు కుట్టినవాడు. దూదిని ముట్టుకుని అది ఏ నేలలో పండిందో చెప్పేవాడట. ఆయన పోయాక పరుపుల పని మీద బతకలేక మౌలాలీ పేటకు వచ్చి మిల్లులో చేరాడు. పదేళ్ళకు మేస్త్రీ అయ్యాడు. అతని గాటుకు ఒక గుర్తుండేది. చివరి రెండు వేళ్ళ మేర రంపాన్ని తేలిక చేసి పైకి తీసేస్తాడు. గాటు అక్కడ సన్నబడి సన్నబడి మాయమవుతుంది. మిగతావాళ్ళవి మొద్దుగా ఆగిపోతాయి. ఇదెలా చేస్తావని అడిగితే, ఏమో, చెయ్యే అట్టా లేస్తద్ది అనేవాడు. నిజానికి అతనికీ తెలియదు.

అతని దగ్గర పని నేర్చుకున్నవాడు ఒకడే, భార్య హలీమా తమ్ముడు నూర్ మొహమ్మద్. పదో తరగతి పాసై, ఎక్కడా ఉద్యోగం దొరక్క, ముప్ఫై దగ్గర పడుతుండగా బావ ఇంట్లోనే ఉంటూ పనిలో బావ పక్కన చేరాడు. నెమ్మదస్తుడు. ఏమన్నా పడి ఉంటాడు. అలాంటి బామ్మర్దిని ఎవరైనా ఇష్టపడతారు, మౌలాలీ కూడా పడ్డాడు. ఎనభై అయిదు డిసెంబరు దాకా పడ్డాడు.

ఆ డిసెంబరులో యూనివర్సిటీ వాళ్ళు వచ్చారు. ప్రొఫెసర్ అమరేశ్వరరావు గారు, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న రత్నకుమారి. కొత్త కొత్త పదార్థాలు తయారుచేసి ఫ్యాక్టరీలకు పనికొచ్చేలా చేయడం వాళ్ళ శాఖ పనట. గుడ్డను పొరలు పొరలుగా పేర్చి, మధ్యలో రబ్బరు పోసి, ఉడకబెట్టి ఒక రోలర్ చేశారు. నల్లగా, బరువుగా, ఒకటే ముద్దలా ఉంది.

"తోలు అరిగి పొడి అవుతోంది. ఆ తోలును పదును చేసిన మందు దూదిలో కలుస్తోంది, మీ ఊపిరితిత్తుల్లోకీ పోతోంది. బట్టల మిల్లుల వాళ్ళు ఆ దూది వద్దంటున్నారు" అని ప్రొఫెసర్ గారు అందరినీ నిలబెట్టి చెప్పారు.

యంత్రాలకు పత్తి అందించే రాజమ్మ దగ్గుతూనే, "అయితే ఈ దగ్గు ఆ తోలుదా సారూ? చుట్టదని మా ఆయన్ని తిడతన్నా ఇన్నాళ్ళూ" అంది. అందరూ నవ్వారు.

ఒప్పందం రామబ్రహ్మం గారు వివరించారు. యూనివర్సిటీ తెలివి పెడుతుంది. మద్రాసులో ఒక రబ్బరు ఫ్యాక్టరీ సరుకు పెడుతుంది. తాను మిల్లు పెడతారు. అరవై రోజులు ఒక యంత్రం మీద కొత్త రోలర్, పక్క యంత్రం మీద తోలు రోలర్ తిప్పి చూస్తారు. కొత్తది గెలిస్తే వచ్చే ఏడాది ఇరవై నాలుగూ అవే. మౌలాలీ వింటూ నిలబడ్డాడు. అందరూ ఏదో ఒకటి పెడుతున్నారు, మరి నన్నేం పెట్టమంటారో అనుకున్నాడు. కొత్త రోలర్ తన చేతికే ఇస్తారని అతనికి సందేహమే లేదు. గాట్లు దానికీ కావాలి కదా.

రత్నకుమారి ఒక ఉష్ణమాపకం తెచ్చి మౌలాలీ, నూర్ ఇద్దరి ముందూ పెట్టింది. ముప్ఫై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు, నేత చీర. ఊళ్ళోనే బరంపేటలో చుట్టాలింట్లో ఉండి రోజూ రిక్షాలో వచ్చేది. "రోలర్ ఎంత వేడెక్కిందో గంట గంటకూ చూసి ఈ పుస్తకంలో రాయాలి. ఇప్పుడు ఎంత ఉందో చెప్పండి" అంది.

మౌలాలీ ఆ గాజు గొట్టం వంక చూడనైనా చూడలేదు. అరచెయ్యి రోలర్ మీద ఆనించి, "బాగా కాలింది" అన్నాడు.

"బాగా అంటే ఎంత?"

ఇరవై ఆరేళ్ళలో ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. బాగా అంటే బాగానే. అంతకు మించి ఏముంటుంది? అతను ఇంకా ఆలోచిస్తుండగానే పక్కనుంచి నూర్ వంగి చూసి, "అరవై రెండు మేడం" అన్నాడు.

అంతే. కొత్త రోలర్ నూర్‌కు వెళ్ళిపోయింది. పక్క యంత్రం మీది తోలు రోలర్ మౌలాలీకి వచ్చింది. "మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చేయండి మేస్త్రీ, దానితో దీన్ని పోల్చుకుంటాం" అని రత్నకుమారి మర్యాదగానే చెప్పింది. తర్వాత అందరూ వినేలా ఒక నియమం కూడా చెప్పింది. "ఈ కొత్త యంత్రం మీద నూర్ మొహమ్మద్ గారు తప్ప ఎవరూ చెయ్యి వేయకూడదు. వేస్తే ఈ పుస్తకంలో రాసిందంతా అబద్ధం అవుతుంది."

నియమం మౌలాలీ చెవిన పడనే లేదు. అతని చెవిలో 'గారు' ఒక్కటే నిలబడింది. తను మేస్త్రీ, వాడు గారు.

ఆ మిల్లులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త రోలర్ బిగించి గాట్లు పెడితే, దాని మీద తొలిసారి పడ్డ దూదిని గుప్పెడు తీసి, గాట్లు పెట్టిన మేస్త్రీ దోసిట్లో పోస్తారు. ఏటా ఆ దూది మౌలాలీ దోసిట్లోనే పడేది. ఆ రోజు రామబ్రహ్మం గారు కొబ్బరికాయ కొట్టి, కొత్త రోలర్ మీది తొలి గుప్పెడు తెచ్చి నూర్ చేతుల్లో పోశారు. నూర్ మొహమాటపడుతూ, "ఇది బావకు ఇయ్యండి అయ్యగారూ" అన్నాడు. అయ్యగారు వద్దన్నారు, ఎవరిది వాళ్ళకేనన్నారు. వాడు అలా అనకుండా ఉంటే మౌలాలీకి సగమే మండేది. అనడంతో పూర్తిగా మండింది.

ఇంటికి పోతే అక్కడ ఇంకో మంట. హలీమా వీధి వీధంతా చెప్పేసింది, మా తమ్ముడికి యూనివర్సిటీ వాళ్ళు గడియారం ఇచ్చారని. అది గడియారం కాదు, సెకన్లు కొలిచే వాచీ. పరీక్ష అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. ఆ సంగతి నూర్ ఎన్నిసార్లు చెప్పినా అక్కకు పట్టలేదు. రాత్రి అన్నంలో వాడికి ఒక ముక్క ఎక్కువ పడుతున్నట్టు మౌలాలీకి అనిపించింది. నాలుగు రోజులు చూశాడు. అయిదో రోజు అనేశాడు.

"నీ తమ్ముడికి వేసి మిగిల్తే నాకెయ్యి."

హలీమా గరిటె పట్టుకుని అలాగే చూసింది. "ఏందయ్యా నీ రోగం? వాడికి పేరొస్తే నీకు రానట్టా? నువ్వు నేర్పిన పనేగా?"

"నేను నేర్పింది గాట్లు. సీసా చూసి సున్నాలు రాయడం నేర్పలా."

ఆ మాటలో ఉన్నదేమిటో హలీమాకు అర్థమైంది. పదిహేడేళ్ళ కాపురంలో అతను బిర్యానీ బాగాలేదన్నాడు, కల్లు తాగి వచ్చాడు, అలిగి మాచర్లలో తన తమ్ముడింటికి పోయి కూర్చున్నాడు. కుళ్ళుకోవడం మాత్రం ఆమె ఎప్పుడూ చూడలేదు.

కొంతలో కొంత నయం, కొత్త రోలర్ సరిగా పనిచేయడం లేదు. తోలు రోలర్ గంటకు పద్దెనిమిది కిలోల దూది తీస్తుంటే అది పద్నాలుగు దాటలేదు. పైగా వేడెక్కిపోయేది. గంట తిరిగేసరికి దూది అంచులు పచ్చగా మాడినట్టు వచ్చేవి. మౌలాలీ తన తోలు రోలర్‌ను కన్నబిడ్డను చూసినట్టు చూసుకున్నాడు. మధ్యాహ్నం అన్నానికి కూడా సగం టైమే తీసుకున్నాడు. పక్క యంత్రం ముందు బామ్మర్దీ ఆ మేడమూ తలలు పట్టుకుని కూర్చుంటే, ఇవతల ఇతను బీడీ వెలిగించుకుని ఆకాశం వంక చూసేవాడు. ఆ పది రోజులూ అతని ఒంటికి ఎంత బాగుందో చెప్పలేం. నిద్ర కూడా పట్టింది.

అయితే నూర్ వదిలే రకం కాదు. గాటుకూ గాటుకూ మధ్య దూరం మార్చాడు, లోతు కొంచెం కొంచెం మార్చాడు, మార్చినప్పుడల్లా పుస్తకంలో రాశాడు. పద్నాలుగు పదిహేనైంది, పదిహేను పదహారైంది. ఒకరోజు మౌలాలీ వింటుండగానే రత్నకుమారి రామబ్రహ్మం గారితో, "నూర్ మొహమ్మద్ గారి లాంటి మనిషి మాకు యూనివర్సిటీలో ఉండాలండీ. ఒక మూడు నెలలు పంపిస్తారా? ప్రొఫెసర్ గారితో మాట్లాడతాను" అంది. అయ్యగారు దానిదేముందన్నారు.

మౌలాలీకి అప్పుడు కళ్ళముందు ఏం కనబడిందో తెలుసా? యూనివర్సిటీ కాదు, అది ఎలా ఉంటుందో అతనికి తెలియదు. మూడు నెలల తర్వాత నూర్ తిరిగొచ్చి మిల్లు గేటు దగ్గర నిలబడటం కనబడింది. ఇరవై నాలుగు నల్ల రోలర్లు, వాటికి మేస్త్రీ నూర్. తను వాడి పక్కన నూనె డబ్బా పట్టుకుని నిలబడటం. ఎవరైనా కొత్తవాడు వచ్చి ఈ ముసలాయన ఎవరంటే, ఇంతకుముందు ఇక్కడ పనిచేసేవాడులే అని రాజమ్మ చెప్పడం. ఇదంతా కళ్ళకు కట్టినట్టు కనబడింది.

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం యంత్రాలు ఆగాయి. నూర్ టోపీ పెట్టుకుని, "బావా, జుమ్మాకు పోదాం రా" అన్నాడు. మౌలాలీ కడుపులో బాగాలేదన్నాడు. నూర్ వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు చెట్టు కింద క్యారేజీలు విప్పుకున్నారు. రత్నకుమారి అన్నానికి బరంపేట వెళ్ళింది.

మౌలాలీ రంపం తీసుకుని కొత్త రోలర్ దగ్గరికి పోయాడు.

పోనీ ఏ మేకో తీసుకుని గీసేసి రావచ్చు కదా? అలా చేస్తే తెలిసిపోతుందని అతని భయం. మేస్త్రీ బుర్రతోనే ఆలోచించాడు. తోలు రోలర్‌ను చంపాలంటే ఏం చేయాలి? లోతుగా, ఏటవాలుగా కోయాలి. గంటలో బిళ్ళలు విచ్చుకుంటాయి. కోసింది నూర్ అనే అనుకుంటారు, వాడే రోజుకొక రకంగా కోస్తున్నాడు కాబట్టి. వాడి అతి తెలివి వాడికే తగిలిందంటారు. అలా అనుకుని, ఉన్న గాట్లకు అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకి మెలి తిరిగేలా, బొటనవేలి గోరంత లోతున కోయడం మొదలుపెట్టాడు.

రబ్బరు తోలులా కోసుకోదు. మొదటి గాటుకు రంపం పట్టేసింది. సబ్బు నీళ్ళు రాసి మళ్ళీ లాగాడు. రెండో గాటుకు చేతికి లొంగింది. మూడోదానికి అతను ఎందుకొచ్చాడో చెయ్యి మర్చిపోయింది. సమానమైన ఎడంతో, ఒక్క వంకర లేకుండా పన్నెండు గాట్లు పడ్డాయి. ప్రతిదాని చివరా రెండు వేళ్ళ మేర రంపం తేలిపోయి లేచింది. చెడగొట్టడానికి పోయినవాడు చెత్తగా కోయాలా వద్దా? అతనికి చేతకాలేదు. తుడిచి, మూత వేసి, చెయ్యి కడుక్కుని, నమాజు పోగొట్టుకున్నందుకు అల్లాకు లోపల క్షమాపణ చెప్పుకుని వచ్చి కూర్చున్నాడు.

రెండు గంటలకు యంత్రం తిరిగింది. మౌలాలీ తన రోలర్ ముందు నిలబడి చెవులు మాత్రం పక్కన పెట్టాడు. పేలికలు కత్తికి తగిలితే వచ్చే చప్పుడు అతనికి తెలుసు. మూడైంది. రాలేదు. నాలుగైంది. రత్నకుమారి త్రాసు దగ్గరకు రెండుసార్లు వెళ్ళింది. తర్వాత మూడోసారి వెళ్ళింది. వచ్చి నూర్ చేతిలోంచి పుస్తకం తీసుకుని తనే రాసింది. ఇరవై ఒక్క కిలోలు. వేడి యాభై దాటలేదు. దూది తెల్లగా, చల్లగా వచ్చి పడుతోంది.

"ఏం చేశారు నూర్ మొహమ్మద్ గారూ?" అంది ఆమె.

నూర్ యంత్రం ఆపి మూత తీశాడు. దూది దులిపి రోలర్ చూశాడు. వేలితో ఒక గాటు వెంట చివరిదాకా పోయాడు. గాటు సన్నబడి మాయమైన చోట వేలు ఆగిపోయింది. తల తిప్పి బావ వంక చూశాడు. మౌలాలీ తన యంత్రానికి నూనె పోస్తున్నాడు. అవసరం లేకపోయినా పోస్తున్నాడు.

"కొంచెం ఆగి చెప్తా మేడం" అన్నాడు నూర్.

ఆమె ఆగలేదు. పోస్టాఫీసుకు పోయి ప్రొఫెసర్ గారికి ట్రంకాల్ చేసింది. గాట్లు నూర్ కోసినవి కావని ఆమె ఎందుకు అనుకుంటుంది? పొద్దు గూకేలోగా మిల్లంతా పాకిపోయింది. నూర్ గాటు అట, యూనివర్సిటీ వాళ్ళకే దిమ్మతిరిగిందట. రాజమ్మ మౌలాలీ దగ్గరకొచ్చి, "ఏంది మేస్త్రీ, మొహం అట్టా పెట్టావు? నూర్ అన్న గాటు చూశావా? నీకన్నా మొనగాడయ్యాడే" అంది.

ఆ ఎనిమిది రోజులు మౌలాలీ బతికిన బతుకు పగవాడికి కూడా వద్దు. తన చెయ్యి, తన గాటు, పేరు మాత్రం వాడిది. నాది అనాలంటే ఎందుకు కోశావని అడుగుతారు. అనకపోతే గుండె పగిలిపోతుంది. టీ కొట్టు దగ్గర నూర్ గాటు. హలీమా నోట నూర్ గాటు. నూర్‌ను చూస్తే కుళ్ళు, నూర్ పేరు మోస్తున్న తన గాటును చూస్తే ఇంకా కుళ్ళు. తన పనిని చూసి తానే కుళ్ళుకునే గతి ఏ మేస్త్రీకి పట్టింది?

మూడో రోజు సాయంత్రం నూర్ అతన్ని మిల్లు వెనక పత్తి బోరాల దగ్గర పట్టుకున్నాడు.

"బావా, అది నీ చెయ్యి. నాకు తెలుసు."

"నాకేం తెలవదు."

"నువ్వే పోయి చెప్పు. సాయం చేద్దామని చేశానని చెప్పు. నేను చెబితే నీకు మాటొస్తది. ముట్టుకోవద్దన్నదాన్ని ముట్టుకున్నావని అయ్యగారు ఊరుకోడు."

"నాకేం తెలవదన్నానా? నీ గాటు నువ్వే మొయ్యి."

"మేడం పుస్తకంలో రోజూ నా పేరు రాస్తంది బావా. నాకు అన్నం దిగట్లా" అని నూర్ వెళ్ళిపోయాడు. అన్నం దిగట్లేదంటే మౌలాలీకి ఒక క్షణం తృప్తిగా అనిపించింది. ఉన్న మాట చెప్పాలి.

తొమ్మిదో రోజు ప్రొఫెసర్ గారు వచ్చారు. వెంట రబ్బరు ఫ్యాక్టరీ ఇంజినీర్లు ఇద్దరు. ఇంకో రెండు కొత్త రోలర్లు జీపులో తెచ్చారు. "ఆ గాటు వీటికి మా కళ్ళముందు పెట్టి చూపించండి. ఎలా కోస్తున్నారో రాసుకోవాలి" అన్నారు. రామబ్రహ్మం గారు కుర్చీలు వేయించారు. పనివాళ్ళంతా చుట్టూ మూగారు. నూర్ మౌలాలీ వంక చూశాడు. మౌలాలీ చూడలేదు.

నూర్ రంపం తీసుకుని కోశాడు. కొలత సరిగానే ఉంది. ఏటవాలు సరిగానే ఉంది. చివర మాత్రం మొద్దుగా ఆగింది. పన్నెండూ అలాగే ఆగాయి. యంత్రం తిప్పితే అరగంటకల్లా ఆ మొద్దు చివర్ల దగ్గర పొరలు లేచి దారాలు బయటికొచ్చాయి. ఇంజినీర్లు మొహాలు చూసుకున్నారు. "మొదటిది ఇలా లేదు కదండీ" అంది రత్నకుమారి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. నూర్ చెమట తుడుచుకుని రెండో రోలర్ మీద మళ్ళీ మొదలుపెట్టాడు.

మౌలాలీ కోరుకున్నది సరిగ్గా ఇదే. నలుగురిలో వాడి పరువు పోవాలి. పోతోంది. అతను ఇంకాసేపు ఊరుకుంటే పూర్తిగా పోతుంది. ఊరుకుందామనే నిలబడ్డాడు. కానీ రంపం చివరకి వచ్చేసరికి వాడు మణికట్టు బిగిస్తున్నాడు. మళ్ళీ బిగిస్తున్నాడు. ఇంతమంది ముందు, తన గాటును, ఇంత వికారంగా కోస్తున్నాడు. దాన్ని చూసి వీళ్ళంతా ఇదేనా ఆ గాటు అనుకుంటారు. నూర్ పరువు పోతే పోయింది, తన గాటు పరువు పోవడం చూస్తూ నిలబడటం అతని వల్ల కాలేదు.

"అట్టా కాదురా. ఇటియ్యి" అని జనాన్ని తోసుకుని పోయి రంపం లాక్కున్నాడు.

కోశాడు. ఒకటి, రెండు, మూడు. చివర్న రంపం లేచింది, గాటు మాయమైంది.

రామబ్రహ్మం గారు లేచారు. "అయితే మొదటిది ఎవరు కోశారు?"

"నేనే."

"ఎప్పుడు?"

"శుక్రవారం. వీడు నమాజుకు పోయినప్పుడు."

నూర్ గబగబా, "సాయం చేద్దామని కోశాడు అయ్యగారూ" అన్నాడు. ఆ మాట పట్టుకుంటే చాలు, మౌలాలీ ఒడ్డున పడేవాడు. కానీ వాడు చేయి అందిస్తే పట్టుకుని ఒడ్డెక్కడమా?

"సాయం కాదు. చెడిపోవాలని కోశా. తోలుకు ఇట్టా కోస్తే గంటలో పేలికలైపోద్ది. ఇదీ అంతే అనుకున్నా. వీడి పేరు పోవాలని కోశా."

రత్నకుమారి లోపలికి పోయి పుస్తకం తెచ్చింది. ఎనిమిది రోజుల కాగితాల మీద ఎర్ర సిరాతో ఒక్కొక్కటిగా అడ్డంగా గీత కొట్టింది. గీతలన్నీ అయ్యాక, "నా చేత ఎనిమిది రోజులు అబద్ధం రాయించారు మేస్త్రీ" అంది. తిట్టినా బాగుండేది. ఆమె తిట్టలేదు.

"రేపట్నుంచి గేటు తొక్కబాకు" అన్నారు రామబ్రహ్మం గారు.

ప్రొఫెసర్ గారు మాత్రం రోలర్ మీద వంగి గాటు వెంట వేలు నడుపుతున్నారు. "ఆగండి. రబ్బరు వేడెక్కకుండా గాలి ఆడే దారి కోసం మేం రెండేళ్ళు లేబొరేటరీలో తిప్పలు పడ్డాం. ఈయన చెడగొడదామని ఆ దారి కోశాడు. చేసిన పని తప్పే. చెయ్యి మాత్రం మాకు కావాలి."

పరీక్ష మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలైంది. గాట్లు మౌలాలీ కోశాడు, వేడీ తూకమూ నూర్ రాశాడు. అరవై రోజులూ ఇద్దరూ పక్కపక్కనే పనిచేశారు, పని మాటలు తప్ప మాట్లాడుకోలేదు. మాట్లాడనిది మౌలాలీయే. రత్నకుమారి పుస్తకంలో కొత్త అట్ట మీద స్వయంగా 'మౌలాలీ గాటు' అని రాసింది. ఆ అక్షరాలు నూరే చదివి వినిపించాడు. కొత్త రోలరే గెలిచింది, మార్చి చివర్లో యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. మూడు నెలలు రమ్మన్నారు. నూర్‌ను కాదు, మౌలాలీని.

కోరుకున్నదంతా వచ్చేసింది. ఇంక సంతోషమే కదా? ఆ ఉత్తరం అయ్యగారు చదువుతున్నంతసేపూ మౌలాలీ నూర్ మొహాన్నే చూశాడు. కొంచెం నల్లబడుతుందేమో, ఒక గుటక పడుతుందేమో, కళ్ళు ఒక్కసారి కిందికి దిగుతాయేమో అని చూశాడు. నాలుగు నెలలు తను కాలిన కాల్పుకు బదులుగా అటువైపు ఒక్క రవ్వ అయినా కనబడాలి కదా. నూర్ నవ్వుతున్నాడు. అక్కకు చెప్పాలని అన్నం కూడా తినకుండా సైకిలెక్కి ఇంటికి పోయాడు.

బయలుదేరే రోజు పొద్దున్నే సామాను స్టేషన్‌కు తెచ్చింది వాడే. గుంటూరు పోయే మీటరుగేజి బండిలో తువ్వాలు పరిచి కిటికీ పక్కన సీటు పట్టింది వాడే. కింద నిలబడి, "ఉష్ణమాపకం చూడటం మేడంని అడిగి నేర్చుకో బావా, సిగ్గుపడబాకు. అంకెలు రావని వాళ్ళేం అనరు" అని చెప్పాడు.

మౌలాలీకి ఇంక ఆగలేదు. కిటికీ ఊచలు పట్టుకుని వంగాడు. "ఒరేయ్, నిజం చెప్పు. నిన్ను పంపిస్తామన్నారు. ఇప్పుడు నేను పోతన్నా. నీకేం అనిపించట్లా?"

నూర్ కాస్త ఆలోచించాడు. దాచుకోవడానికి కాదు, నిజంగానే ఆలోచించాడు.

"ఏం అనిపించాల బావా?"

బండి కదిలింది. నూర్ చెయ్యి ఊపుతూ వెనకబడిపోయాడు. సాతులూరు వచ్చేదాకా మౌలాలీ ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కున్నాడు. ఏది చెప్పాలన్నా, ఈ నాలుగు నెలలుగా తనకు అనిపించిందే చెప్పాల్సి వస్తోంది.